నెలనెలా మందుల ఖర్చు: హైదరాబాద్‌లో సర్కారు సాయం ఎక్కడ దొరుకుతుంది, ఎలా అడగాలి

"మనకు ఆరోగ్యశ్రీ ఉంది కదా, మరి నా గోలీలకు డబ్బులెందుకు కడుతున్నావు?" అని మా అమ్మ ఒకసారి అడిగింది. అమ్మకు షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. ఆ నెల మా ఇంట్లో పాల బిల్లు కంటే మందుల బిల్లే ఎక్కువ వచ్చింది. అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. తర్వాత తిరిగి, అడిగి, క్యూలలో నిలబడి తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు అమ్మ ప్రశ్నకు జవాబు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు ఉన్న పరిమితిని 2023 డిసెంబరు 9 నుంచి 10 లక్షలకు పెంచారు. కానీ అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు, ఆపరేషన్లకు, డయాలసిస్‌కు, క్యాన్సర్ వైద్యానికి. ఇంట్లో రోజూ వేసుకునే బీపీ గోలీకి, థైరాయిడ్ గోలీకి అందులో చోటు లేదు. ఇది తెలియగానే చాలామంది "సర్కారు మనకేమీ ఇయ్యదు" అనుకుని మెడికల్ షాపుకే అలవాటు పడిపోతారు. సాయం ఉంది. కాకపోతే ఒక్క కార్డులో, ఒక్క కిటికీ దగ్గర లేదు. ఐదారు చోట్ల ముక్కలు ముక్కలుగా ఉంది. అందుకే ఏ పథకం ఉందా అని వెతకడం కంటే, చేతిలో ఉన్న మందుల చీటీతో మొదలుపెట్టడం మేలు.

మొదటి అడుగు: చీటీని విడదీయండి

ఒక తెల్లకాగితం తీసుకోండి. ఇంట్లో ఉన్న మందుల షీట్లన్నీ ముందు పెట్టుకోండి. ప్రతి షీటు మీద పెద్ద అక్షరాల్లో కంపెనీ పెట్టిన పేరు ఉంటుంది, దాని పక్కనో కిందో చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు ఉంటుంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, టెల్మిసార్టాన్, ఆమ్లోడిపైన్, అటోర్వాస్టాటిన్ లాంటివి. ఆ చిన్న అక్షరాల పేరే మీకు కావాలి. దాని పక్కన ఎన్ని మిల్లీగ్రాములో, రోజుకు ఎన్నిసార్లో రాయండి. పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఈఆర్ లాంటి అక్షరాలుంటే అవి కూడా తప్పకుండా రాయండి. అవి మెల్లగా కరిగే గోలీలు, మామూలు గోలీతో సమానం కావు.

ఈ పని చేస్తుండగానే నాకు ఒక సంగతి తెలిసింది. అమ్మ వేసుకునే ఒక గోలీలో రెండు మందులు కలిసి ఉన్నాయి. ఆ జంట గోలీ ప్రభుత్వ దవాఖానలో లేదన్నారు, మేమూ సరేనని ఏళ్ల తరబడి బయట కొన్నాం. కానీ ఆ రెండు మందులూ విడివిడిగా అక్కడే ఉచితంగా ఉన్నాయి! మేం అడిగింది జంట గోలీ, వాళ్లు చెప్పింది జంట గోలీ లేదని. ఎవరి తప్పూ లేదు, మాకు చీటీ చదవడం రాలేదు, అంతే.

కాబట్టి జంట గోలీలు ఉంటే కాగితం మీద వాటిని విడదీసి రాయండి. తర్వాత ఆ కాగితం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. "డాక్టర్ గారూ, ఇవి అమ్మ జీవితాంతం వాడాలి కదండీ, జంట గోలీకి బదులు విడివిడిగా ఇవ్వొచ్చా? మందు అసలు పేరుతో రాసిస్తారా?" అని అడగండి. మొహమాటపడకండి. మందుల పేర్లు జనరిక్ పేరుతో, అంటే మందు అసలు పేరుతో, చదవగలిగేలా రాయాలని డాక్టర్ల వృత్తి నియమావళిలోనే ఉంది. మీ అంతట మీరు మాత్రం ఏదీ మార్చకండి. ముఖ్యంగా థైరాక్సిన్, ఫిట్స్ మందులు, రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్, కిడ్నీ మార్పిడి తర్వాత వాడే మందులు. వీటిలో కంపెనీ మారినా డాక్టరుకు చెప్పి మార్చాలి, అవసరమైతే మళ్లీ పరీక్ష చేయించాలి.

రెండో అడుగు: ఇంట్లో ఎవరి జీతం చీటీలో ఏముందో చూడండి

బస్తీ దవాఖానకు వెళ్లేముందు ఇది చూడమంటున్నాను, ఎందుకంటే మీకు తెలియకుండానే మీ డబ్బు ప్రతి నెలా ఎక్కడో కట్ అవుతూ ఉండొచ్చు.

హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డులు, హౌస్‌కీపింగ్ చేసేవాళ్లు, బట్టల షోరూముల్లో సేల్స్‌లో ఉన్నవాళ్లు, కంపెనీ కార్మికులు లక్షల్లో ఉన్నారు. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి, సంస్థ ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) పరిధిలోకి వస్తే జీతంలో 0.75 శాతం కట్ చేస్తారు, యజమాని 3.25 శాతం కలుపుతారు. 18,000 జీతమైతే మీవి 135 రూపాయలు, యజమానివి 585. ఆ డబ్బుకు మీకు వచ్చేది ఉద్యోగికి ఒక్కరికే వైద్యం కాదు. భార్య లేదా భర్త, పిల్లలు, మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులు, అందరికీ డిస్పెన్సరీలో చూపించుకోవడం, మందులు ఉచితం. అక్కడి డాక్టరు అవసరమనుకుంటే సనత్‌నగర్, నాచారం ఈఎస్ఐ ఆసుపత్రులకు రాసి పంపుతారు. స్పెషలిస్టు రాసిన దీర్ఘకాలిక మందులు కూడా ఆ వ్యవస్థలోనే ఇస్తారు.

చేయాల్సినవి ఇవి. జీతం చీటీలో ఈఎస్ఐ కటింగ్ ఉందో లేదో చూడండి. ఉంటే 10 అంకెల ఇన్సూరెన్స్ నంబరు హెచ్ఆర్ దగ్గర గానీ కాంట్రాక్టర్ సూపర్‌వైజర్ దగ్గర గానీ తీసుకోండి. ఆ నంబరు కింద కుటుంబ సభ్యుల పేర్లు చేర్చారా, ఆధార్ లింకు అయిందా అని అడగండి. చాలా ఇళ్లలో పని ఆగిపోయేది ఇక్కడే. కొడుకు పేరు ఉంటుంది, అమ్మ పేరు ఉండదు. మీ ఇంటికి దగ్గరి డిస్పెన్సరీని ఎంచుకునే అవకాశం కూడా ఉంది. ఉద్యోగం ఒకచోట, ఇల్లు ఇంకోచోట ఉన్నవాళ్లు అడిగి మార్పించుకోవాలి.

రిటైరైనవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. కనీసం 5 ఏళ్లు ఈఎస్ఐ ఉన్న ఉద్యోగం చేసి వయసు రీత్యా రిటైరైతే, ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలిద్దరూ ఆ వైద్యం కొనసాగించుకోవచ్చు. నెలకు 10 రూపాయలు! ఇది తెలియక మందులు బయట కొనుక్కుంటున్న పెద్దవాళ్లను తలుచుకుంటే బాధేస్తుంది. మీ నాన్నగారో మామగారో కంపెనీలో పనిచేసి రిటైరై ఉంటే ఇవాళే అడగండి.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్లు, అక్రెడిటేషన్ ఉన్న జర్నలిస్టులు అయితే వెల్‌నెస్ సెంటర్లు ఉన్నాయి. ఖైరతాబాద్‌లోది 2016 డిసెంబరులో మొదలైంది, వనస్థలిపురం, కూకట్‌పల్లి వైపు వాళ్లకు అక్కడే ఉన్నాయి. హెల్త్ కార్డు, పాత చీటీలు పట్టుకెళ్తే డాక్టరు చూసి మందులు అక్కడే ఇస్తారు. కేంద్ర ప్రభుత్వం నుంచి రిటైరైనవాళ్లకు సీజీహెచ్ఎస్ వెల్‌నెస్ సెంటర్లు వేరుగా ఉన్నాయి.

మూడో అడుగు: బస్తీ దవాఖాన

పై వాటిలో ఏదీ లేనివాళ్లకు అసలైన ఆధారం ఇదే. 2018లో నగరంలో మొదలైన ఈ దవాఖానలు ఇప్పుడు దాదాపు ప్రతి ప్రాంతంలో ఉన్నాయి, చాలావరకు కమ్యూనిటీ హాళ్లలో, వార్డు భవనాల్లో. ఒక డాక్టరు, ఒక నర్సు, సహాయకులు ఉంటారు. చూపించుకోవడానికి, మందులకు డబ్బు కట్టనక్కర్లేదు. రేషన్ కార్డు లేకపోయినా చూస్తారు. ఉదయం పూట వెళ్లండి. వారంలో సెలవు ఏ రోజో మొదటిసారి వెళ్లినప్పుడే అడిగి తెలుసుకోండి, ఎందుకంటే పెద్దవాళ్లను ఆటోలో తీసుకెళ్లి తాళం చూసి తిరిగి రావడం చాలా ఇబ్బంది.

వెళ్లేటప్పుడు ఆధార్, ఫోన్, పాత చీటీలు, పాత రిపోర్టులు, మీరు రాసుకున్న ఆ తెల్లకాగితం తీసుకెళ్లండి. ఆభా నంబర్, అంటే 14 అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్య ఉంటే అదీ చెప్పండి. లేకపోతే ఆధార్‌తో చేయించుకోవచ్చు.

మొదటిసారి ఇలా చెప్పండి: "సార్, అమ్మకు బీపీ, షుగర్ ఉంది, ఎన్‌సీడీ కింద పేరు రాయించుకోవడానికి వచ్చాం." ఈ ఎన్‌సీడీ అన్న మాట ముఖ్యం. అంటువ్యాధులు కాని జబ్బుల కార్యక్రమం అది. 30 ఏళ్లు దాటిన అందరికీ బీపీ, షుగరు చూసి, ఉన్నవాళ్ల పేరు రికార్డులో ఎక్కించి, నెలనెలా మందులు ఇవ్వడం దాని పని. జ్వరానికి వచ్చినట్టు మామూలు ఓపీలో చూపించుకుంటే మూడు నాలుగు రోజుల గోలీలు చేతిలో పెట్టి పంపొచ్చు. ఎన్‌సీడీలో పేరుంటే నెలకు సరిపడా ఇవ్వాలి. ఆ మందులు పెట్టుకోవడానికి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని అరలున్న సంచి కూడా ప్రభుత్వం పంచింది. చదువు రాని పెద్దవాళ్లకు అది ఎంత ఉపయోగమో మా ఇంట్లో చూశాను. అది దొరక్కపోతే మూడు గుడ్డ సంచులు కుట్టి సూర్యుడు, అన్నం గిన్నె, చంద్రుడు బొమ్మలు వేయండి.

మీ ఏరియా ఆశా అక్క, ఏఎన్ఎం (బస్తీల్లో తిరిగే నర్సమ్మ) ఫోన్ నంబర్లు తీసుకోండి. మంచం దిగలేని వాళ్లున్న ఇంటికి ఈ రెండు నంబర్లు చాలా అవసరం.

పరీక్షల ఖర్చు కూడా ఇక్కడే తగ్గుతుంది. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కింద బస్తీ దవాఖానలోనే రక్తం తీసుకుని ల్యాబుకు పంపుతారు. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, థైరాయిడ్ లాంటివి ఉచితం. ఫలితం వచ్చాక ఫోనుకు మెసేజ్ వస్తుంది. నంబరు సరిగ్గా రాశారో లేదో ఒకసారి చూసుకోండి. పరగడుపున ఇవ్వాల్సిన పరీక్ష అయితే ముందురోజే అడిగి వెళ్లండి. మందు ఉచితంగా తెచ్చుకుని, అది పనిచేస్తుందో లేదో పరీక్షించుకోకపోతే ఆ సాయం సగమే అందినట్టు.

బస్తీ దవాఖాన మందుల జాబితా పరిమితమే. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మామూలు గోలీలు ఉంటాయి. కొత్తగా వచ్చిన ఖరీదైన షుగర్ మందులు, పెన్ను రూపంలో ఉండే ఇన్సులిన్ అక్కడ ఆశించకండి. ఇన్సులిన్ వయల్ (చిన్న సీసా) దొరికితే ఐస్ ప్యాక్ పెట్టిన చిన్న ఫ్లాస్కులో తీసుకురండి. మన ఎండాకాలంలో ఆటోలో అరగంట ప్రయాణం కూడా దానికి మంచిది కాదు. ఇంటికి వచ్చాక ఫ్రిజ్ తలుపులో గానీ మధ్య అరలో గానీ పెట్టాలి, గడ్డకట్టే అరలో పెడితే పాడైపోతుంది.

నాలుగో అడుగు: మిగిలిన మందులకు పెద్దాసుపత్రి

గుండె, కిడ్నీ, నరాల మందులు స్పెషలిస్టు రాస్తేనే ఇస్తారు. ఉస్మానియా, గాంధీ, కింగ్ కోఠి జిల్లా ఆసుపత్రి, మలక్‌పేట, గోల్కొండ, వనస్థలిపురం ఏరియా ఆసుపత్రులు ఇందుకు ఉన్నాయి. ఉస్మానియా, గాంధీలకు మొదటిసారి వెళ్తే ఒక రోజంతా పోతుందని మనసులో అనుకునే వెళ్లండి. టెన్షన్ తగ్గుతుంది. ఓపీ చీటీ కోసం పొద్దున్నే క్యూలో ఉండాలి, టిఫిన్ కట్టుకెళ్లాలి, షుగర్ ఉన్నవాళ్లు ఆకలితో నిలబడకూడదు. డాక్టరు రాశాక అక్కడి ఫార్మసీ కౌంటర్లో మందులు తీసుకుని, కౌంటర్ దగ్గరే చీటీతో సరిచూసుకోండి. "దూరం నుంచి వస్తున్నాం, నెలకు రాయండి" అని డాక్టరు గదిలోనే అడగాలి. కౌంటర్లో అడిగితే లాభం లేదు, వాళ్లు చీటీలో ఉన్నదే ఇస్తారు.

ఒకసారి స్పెషలిస్టు చీటీ వచ్చాక, అందులో మామూలు గోలీలను బస్తీ దవాఖానలో తీసుకోవచ్చేమో అక్కడి డాక్టరును అడగండి. పెద్దాసుపత్రికి నెలనెలా కాకుండా మూడు నెలలకోసారి వెళ్తే సరిపోయే ఇళ్లు చాలా ఉంటాయి.

కొన్ని జబ్బులకు దారి వేరు

టీబీ మందులు పూర్తిగా ఉచితం. మంచి తిండి కోసం నిక్షయ్ పోషణ్ కింద నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. 2024 నవంబరుకు ముందు అది 500 ఉండేది. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు ఏఆర్‌టీ (హెచ్ఐవీ చికిత్స) కేంద్రాల్లో మందులు జీవితాంతం ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు, సందేహాలకు 1097 నంబరుకు ఫోన్ చేయొచ్చు. హెపటైటిస్ బి, సి లకు జాతీయ కార్యక్రమం కింద ఉచిత మందులు ఉన్నాయి. ఒకప్పుడు ఎంతో ఖరీదైన హెపటైటిస్ సి మందు కూడా అందులో ఉంది.

మానసిక జబ్బుల మందులు ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది, కాబట్టి ఖర్చు కారణంగా ఆపే పరిస్థితి రానివ్వకండి. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో ఓపీలో చూసి మందులు ఇస్తారు. ఆ పేరు చెబితే నలుగురూ ఏమనుకుంటారో అని వెనకాడేవాళ్లు గాంధీ, ఉస్మానియాల్లోని సైకియాట్రీ విభాగాలకు వెళ్లొచ్చు. ముందు మాట్లాడాలనుకుంటే టెలీ మానస్ నంబరు 14416.

క్యాన్సర్‌కు రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రి. నొప్పి తగ్గించే మార్ఫిన్ మామూలు మెడికల్ షాపుల్లో దొరకదు, అక్కడి పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే) విభాగంలో అడగాలి. డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్లకు 2022 నుంచి నెలకు 2,016 రూపాయల పెన్షన్ కూడా ఉంది. డయాలసిస్ ఉచితంగా అందుతున్నా ఈ పెన్షన్‌కు దరఖాస్తు చేయనివాళ్లుంటారు, ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను అడగండి. కిడ్నీ, లివర్ మార్పిడి ఆరోగ్యశ్రీలో జరిగితే, తర్వాత వాడాల్సిన మందుల గురించి డిశ్చార్జికి ముందే అదే ఆరోగ్యమిత్రతో తేల్చుకోండి. పిల్లల్లో వచ్చే అరుదైన జన్యు జబ్బులకు కేంద్రం 2021లో విధానం తెచ్చింది, అందులో 50 లక్షల వరకు సాయం ఉంది. మన నగరంలో జన్యు పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి కలిసి దానికి ప్రభుత్వం గుర్తించిన ప్రత్యేక కేంద్రంగా పనిచేస్తున్నాయి.

ఆరోగ్యశ్రీలో ఇంకొకటి. కొన్ని ఆపరేషన్లు, చికిత్సల తర్వాత ఫాలోఅప్ ప్యాకేజీ ఉంటుంది. గుండెకు స్టెంట్ వేశాకో, బైపాస్ అయ్యాకో చెకప్, పరీక్షలు, మందులు కొంతకాలం ఆ ప్యాకేజీలో వస్తాయి. డిశ్చార్జి రోజు హడావుడిలో ఎవరూ చెప్పరు. "ఫాలోఅప్ ప్యాకేజీ ఉందా, మళ్లీ ఏ తేదీన రావాలి?" అని మీరే అడిగి, డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి.

ఐదో అడుగు: ఎక్కడా దొరకనివి జనఔషధిలో

ఇక్కడికి వచ్చేసరికి మీ తెల్లకాగితంలో ఒకటో రెండో మందులు మిగులుతాయి. వాటిని జనఔషధి కేంద్రంలో, అంటే కేంద్ర ప్రభుత్వ పథకం కింద జనరిక్ మందులు అమ్మే షాపులో కొనండి. బ్రాండు మందుల కంటే ధర 50 నుంచి 90 శాతం తక్కువ ఉంటుంది. జనఔషధి సుగమ్ అనే యాప్‌లో మందు అసలు పేరు కొడితే ధర, దగ్గర్లోని కేంద్రం కనిపిస్తాయి. 1800 180 8080 నంబరుకు ఫోన్ చేసినా చెప్తారు. బయల్దేరే ముందు ఆ షాపుకే ఫోన్ చేసి స్టాకు ఉందో లేదో కనుక్కోండి.

"జనరిక్ అయితే పని చేయదమ్మా" అని ఒక మందుల షాపులో మా అమ్మను భయపెట్టారు. అమ్మ వారం రోజులు ఆ గోలీలు ముట్టలేదు. మేం చేసిన పని ఇది: మందు మార్చిన రోజు నుంచి రెండు వారాలు పొద్దున బీపీ చూసి రాసుకున్నాం, మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ చేయించాం. అంకెలు చూశాక అమ్మకే నమ్మకం వచ్చింది. మీ ఇంట్లో పెద్దవాళ్లు భయపడితే వాదించకండి, రాసి చూపించండి.

బ్రాండు మందే కొనాల్సి వస్తే, కేంద్రం ధర నిర్ణయించిన మందో కాదో ఫార్మా సహీ దామ్ యాప్‌లో చూడొచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లు తప్పకుండా తీసుకోండి. 60 ఏళ్లు దాటి, ఆరోగ్య బీమా లేని తల్లిదండ్రుల వైద్య ఖర్చును పాత పన్ను విధానంలో 50,000 వరకు మీ ఆదాయంలోంచి తగ్గించి చూపొచ్చు. నగదుగా కట్టినవి లెక్కకు రావు, యూపీఐ చేయండి.

మందు లేదన్నప్పుడు

స్టాకు అయిపోవడం నిజంగా జరుగుతుంది. మాకు ఒకసారి "వచ్చే వారం రండి" అన్నారు, మేం ఊరుకున్నాం, అమ్మ షుగర్ పెరిగిపోయింది. ఆ తర్వాత ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. ఇంకా పది రోజుల గోలీలు ఉండగానే వెళ్తాం. క్యాలెండర్‌లో ఆ తేదీకి ఎర్ర పెన్నుతో సున్నా చుడతాం. మందు లేదని చెప్పినా ఆ పది రోజుల్లో పక్క బస్తీ దవాఖానకో ఏరియా ఆసుపత్రికో వెళ్లే టైం ఉంటుంది. అక్కడా లేకపోతే ఆ ఒక్క నెలకు జనఔషధిలో కొంటాం. గోలీ మాత్రం ఒక్కరోజు కూడా ఆపం.

అదే మందు రెండు మూడు నెలలు వరుసగా దొరక్కపోతే తెల్లకాగితం మీద అర్జీ రాయండి. రోగి పేరు, దవాఖాన పేరు, మందు అసలు పేరు, ఏయే తేదీల్లో లేదన్నారో రాస్తే చాలు, కోపం రాయనక్కర్లేదు. ముందు దవాఖాన డాక్టరుకు ఇవ్వండి, చాలాసార్లు వాళ్లే పైకి రాస్తారు. వాళ్లకూ అది కావాలి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది, బేగంపేటలోని ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాల్లో తీసుకుంటారు. జిరాక్స్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి, ఇచ్చిన చోట నంబరో ముద్రో వేయించుకుని, దాన్ని అమ్మ మందుల ఫైల్లోనే పెట్టండి.